ఫెలోషిప్ ఇటలీది, అమ్మాయి ఇథియోపియాది, కాగితాల పని మనది

ముందే చెప్పేస్తాను, వర్ధమాన దేశాల మహిళా శాస్త్రవేత్తల సంస్థ ఓడబ్ల్యూఎస్‌డీ ఇచ్చే పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి మన అమ్మాయిలు అప్లై చేయలేరు. ఇటలీలోని ట్రియెస్తె నుంచి నడిచే ఈ సంస్థ సైన్స్‌లో వెనకబడి ఉన్నాయని కొన్ని దేశాల జాబితా కట్టి, ఆ దేశాల మహిళలకే పీహెచ్‌డీకి డబ్బిస్తుంది. ఇథియోపియా, ఉగాండా, టాంజానియా, నేపాల్ అందులో ఉన్నాయి. ఇండియా లేదు. అయితే ఆ అమ్మాయిలు చదవాల్సింది సొంత దేశం కాని మరో వర్ధమాన దేశంలోనే కాబట్టి ఇండియాకి వస్తారు. హైదరాబాద్‌కీ వస్తారు. మన వంతు వచ్చేది గైడ్‌గా. జొన్న మీద పనిచేసే మా ల్యాబ్‌కి ఇథియోపియా నుంచి ఒకామె వచ్చి, మొదటి విజిట్ ముగించుకుని పోయిన నెలే వెళ్లింది. 'మీ దగ్గర చేరతాను' అని ఆమె రాసినలాంటి మెయిల్ రేపు ఇంకో తెలుగు గైడ్‌కి వస్తే పనికొస్తుందని, జరిగింది జరిగిన వరసలోనే రాస్తున్నాను.

జనవరి చివర్లో ఆమె మెయిల్ వచ్చింది. ఇలాంటి మెయిళ్లు మనకి వారానికి నాలుగు వస్తాయి, చాలావరకు 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలవుతాయి, తెరవకుండానే పోతాయి. ఇందులో మా పేపర్‌లోని ఒక పట్టిక మీద ప్రశ్న ఉంది, అందుకే జవాబిచ్చాను. ఆమె అక్కడ యూనివర్సిటీలో లెక్చరర్. కావాల్సింది మన వైపు నుంచి ప్రాథమిక అంగీకార పత్రం. అది లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. దాంతోపాటు ఎంఎస్సీ సర్టిఫికెట్లు, ఇద్దరు ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు, రీసెర్చ్ ప్రపోజల్, పాస్‌పోర్ట్ కాపీ, గైడ్ సీవీ. మేం పంపిన ఏడాది ఏప్రిల్ మధ్యలో గడువు.

అంగీకార పత్రాన్ని చాలామంది నాలుగు వాక్యాల్లో ముగిస్తారు: మీ ప్రపోజల్ బావుంది, వస్తే చేర్చుకుంటాం, శుభాకాంక్షలు. అలా రాయకండి. అందులో ఉండాల్సినవి: పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఆమె పేరు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ పరికరాల మీద పని, బెంచ్ ఫీజు (ల్యాబ్ వాడుకున్నందుకు కట్టేది) లేదా ట్యూషన్ ఫీజు ఎంత, హాస్టల్ ఇస్తామా లేదా, కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే రసాయనాలు, సామాను) ఖర్చు ఎవరిది. ఆఖరిది మరీ ముఖ్యం. ఫెలోషిప్‌లో నెలవారీ భత్యం, రానూపోనూ టికెట్, వీసా ఖర్చు, మెడికల్ ఇన్సూరెన్స్‌కి కొంత, మన సంస్థతో ముందుగా ఒప్పుకున్న ఫీజు ఉంటాయి. మన ల్యాబ్‌లో వాడే సాల్వెంట్లకి, పదార్థాలని వేరుచేసి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం మీద రన్‌లకి విడిగా ఎవరూ డబ్బు పంపరు. ఒప్పుకున్న ఫీజులో అది కలిసి ఉందా, లేక మన ప్రాజెక్ట్ గ్రాంట్ నుంచి పెడతామా అన్నది సంతకానికి ముందే తేలాలి.

సంతకం గైడ్‌ది ఒక్కటే సరిపోదు, సంస్థ తరఫున ఉండాలి. మన దగ్గర అది శాఖాధిపతి, డీన్, రిజిస్ట్రార్ బల్లల మీదుగా తిరుగుతుంది. ఫిబ్రవరిలో ఫైలు కదిపితే మార్చి నెలాఖరుకి చేతికొచ్చింది. ఇయర్ ఎండింగ్ హడావుడిలో ఫీజు కాలమ్ దగ్గర ఫైలు చాలా రోజులు ఆగింది. విదేశీ విద్యార్థి ఫీజు వేయాలా, విజిటింగ్ స్కాలర్ ఫీజు వేయాలా అన్నది ఎవరూ తేల్చరు. రెండింటి మధ్య తేడా మామూలుగా లేదు. పాత ఉదాహరణ ఒకటి వెతికి ఫైల్‌కి జతచేస్తే గానీ ముందుకు వెళ్లలేదు.

ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఇప్పటికే ఇండియాలో ఉన్నవాళ్లకి ఈ ఫెలోషిప్ రాదు. 'ముందు వచ్చి చేరిపో, డబ్బు సంగతి తర్వాత చూద్దాం' అన్న సలహా మన దగ్గర తేలిగ్గా ఇచ్చేస్తారు. అది దరఖాస్తుని చంపేస్తుంది.

ఫుల్‌టైమా, శాండ్‌విచ్చా అన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఫుల్‌టైమ్ అంటే మన దగ్గరే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్, గరిష్ఠంగా 4 ఏళ్లు. శాండ్‌విచ్ అంటే రిజిస్ట్రేషన్ వాళ్ల దేశంలో, మన దగ్గరికి మూడు విజిట్ల దాకా. మొదటి విజిట్ కనీసం 6 నెలలు, అన్నీ కలిపి 20 నెలలు మించకూడదు. ఆమె మొదట ఫుల్‌టైమ్ అడిగింది. ప్రపోజల్ చదివాక శాండ్‌విచ్ తప్ప దారి లేదని నేనే చెప్పాను. కారణం స్ట్రైగా.

స్ట్రైగా జొన్న వేర్లకి అతుక్కుని బతికే పరాన్నజీవి కలుపు. ఆమె పని చేయాలనుకున్నది స్ట్రైగా హెర్మాంథికా మీద. ఆఫ్రికా పొలాలని పీడించేది అదే. మన దేశంలో స్ట్రైగా ఏషియాటికా ఉంది, హెర్మాంథికా లేదు. దాని గింజ మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండదు. తెల్ల కాగితం మీద పోస్తే ముక్కుపొడి రాలినట్టుంటుంది, మైక్రోస్కోప్ కింద పెడితేనే ఒంటి మీది గీతలు కనబడతాయి. ఒక్క మొక్క వేల సంఖ్యలో గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో పదేళ్లకి పైగా బతికి ఉండగలవు. అలాంటిదాన్ని తెలంగాణలో ఒక గ్రీన్‌హౌస్‌లోకి తెస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. అందుకని ప్రపోజల్‌ని రెండుగా చీల్చాం. కలుపు గింజలతో పని, పొలం ప్రయోగాలు ఇథియోపియాలో. జొన్న వేర్లు వదిలే, స్ట్రైగా గింజని మొలకెత్తించే స్ట్రిగోలాక్టోన్లు అనే రసాయనాలని కొలవడం, వాటిలో ఏ రకం వదలాలో తేల్చే ఎల్‌జీఎస్1 జన్యువులో తేడాలు చూడడం హైదరాబాద్‌లో. ఆ జన్యువు పనిచేయకపోతే వేరు 5-డీఆక్సీస్ట్రిగాల్ అనే రకం బదులు ఒరొబాంకాల్ అనే రకం వదులుతుంది, దానికి స్ట్రైగా గింజ సరిగా మొలకెత్తదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దేశాలు రెండైనప్పుడు ఏ పని ఎక్కడ జరగాలో సైన్స్ ఒక్కటే తేల్చదు, క్వారంటైన్ కూడా తేలుస్తుంది. ఆ విభజన ప్రపోజల్‌లోనే స్పష్టంగా రాస్తే దాన్ని చదివే నిపుణులకీ నమ్మకం కుదురుతుంది.

గడువు రోజున దరఖాస్తు వెళ్లాక ఫలితం వచ్చింది డిసెంబర్‌లో. మధ్యలో ఏ కబురూ ఉండదు. ఆమె నెలకోసారి 'ఏమైనా తెలిసిందా' అని అడిగేది, తెలిస్తే ముందు తనకే తెలుస్తుందని తనకీ తెలుసు. ఈ ఎనిమిది నెలలూ గైడ్‌కి ఖాళీ అనుకుంటే మాత్రం పొరపాటు. గింజల పని అప్పుడే మొదలుపెట్టాలి.

జొన్న గింజ అయినా సరే, విదేశం నుంచి పరిశోధనకి రావాలంటే ఢిల్లీలోని ఎన్‌బీపీజీఆర్ (జాతీయ మొక్కల జన్యువనరుల బ్యూరో) నుంచి ఇంపోర్ట్ పర్మిట్ కావాలి. అటు నుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే గింజలకి తెగుళ్లు లేవన్న పత్రం రావాలి. గింజలు క్వారంటైన్‌లో పరీక్ష అయ్యాకే మన చేతికి వస్తాయి. మన అదృష్టం, రాజేంద్రనగర్‌లో ఎన్‌బీపీజీఆర్ రీజినల్ స్టేషన్ ఉంది. జల్లించడం, కడిగి చూడడం, ఎక్స్‌రే, అవసరమైతే గ్లాస్‌హౌస్‌లో పెంచి చూడడం, ఇవన్నీ అయ్యేసరికి ఒక్కోసారి ఒక పంటకాలమే గడిచిపోతుంది. ఆఫ్రికా జొన్న కాబట్టి వాళ్లు వెతికేది ముందుగా స్ట్రైగా ధూళినే. వాళ్ల దేశం వైపు కూడా అనుమతి కావాలి. జొన్న అంతర్జాతీయ మొక్కల జన్యువనరుల ఒడంబడిక మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి స్టాండర్డ్ మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం మీద కదిలించే దారి ఉంది. అదే ఇథియోపియా చిరుధాన్యం టెఫ్ మీద పనిచేసే అమ్మాయైతే ఆ జాబితాలో టెఫ్ లేదు, పద్ధతి వేరే. గింజల పొట్లం హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకొచ్చేయడం అన్న ఆలోచన ఎవరికైనా వస్తే మొగ్గలోనే తుంచేయండి. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే పోయేది గింజలొక్కటే కాదు.

డిసెంబర్‌లో మంచి మెయిల్ వచ్చింది. ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ స్వీట్లు పంచి, మర్నాడు వీసా సంగతి మొదలుపెట్టాం.

ఫుల్‌టైమ్ వాళ్లకి స్టూడెంట్ వీసా. శాండ్‌విచ్ వాళ్లకి మన దగ్గర అడ్మిషన్ ఉండదు కాబట్టి రీసెర్చ్ వీసా. రీసెర్చ్ వీసాకి ప్రాజెక్ట్ వివరం, తిరగబోయే ఊళ్లు, ఇంతకుముందు ఇండియాకి వచ్చిన వివరాలు, సంస్థ అనుబంధ పత్రం, డబ్బు ఎక్కడినుంచి వస్తోందన్న రుజువు అడుగుతారు. ఎంబసీ ఢిల్లీని అడగాలనుకుంటే నెలలు పడుతుంది. అందుకే ప్రాజెక్ట్ వివరాన్ని ల్యాబ్ భాషలో కాకుండా ఒక పేజీలో మామూలు మాటల్లో రాసి ఇచ్చాం. 'ఊళ్లు' కాలమ్‌లో హైదరాబాద్, పటాన్‌చెరు అని ఉన్నది ఉన్నట్టు రాయించాం. డిసెంబర్ చివర్లో వేసిన దరఖాస్తుకి మార్చిలో వీసా వచ్చింది. ఆలస్యమవుతోంది కదా అని ఈ-టూరిస్ట్ వీసా మీద వచ్చేయమని మధ్యలో ఎవరో ఆమెకి చెప్పారు. దాన్ని ఇక్కడికొచ్చాక రీసెర్చ్ వీసాగా మార్చడం కుదరదు.

కాగితాల్లో రెండు చిక్కులు ఉంటాయి, మనకి ముందుగా తట్టనివి. ఒకటి పేరు. ఇథియోపియాలో ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. ఇనిషియల్స్‌తో అవస్థలు పడే తెలుగువాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. ఒక సర్టిఫికెట్‌లో రెండు పేర్లు, ఇంకోదాంట్లో మూడు, మన ఆఫీసు ఫారంలో 'సర్‌నేమ్' తప్పనిసరి గడి. పరిష్కారం ఒక్కటే. పాస్‌పోర్ట్‌లో ఏ గడిలో ఏముందో అచ్చంగా అదే, మన పత్రాల్లోనూ, టికెట్‌లోనూ, హాస్టల్ రిజిస్టర్‌లోనూ. రెండోది క్యాలెండర్. వాళ్ల ఏడాదికి 13 నెలలు, సెప్టెంబర్‌లో కొత్త సంవత్సరం, లెక్క మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. కొన్ని సర్టిఫికెట్ల మీద వాళ్ల సంవత్సరమే ఉంటుంది. మన సెక్షన్ ఆఫీసర్ చూసి 'డిగ్రీ పుట్టకముందే ఎంఎస్సీ అయిందేంటండీ' అన్నారు. తప్పు ఆయనది కాదు, పక్కపక్కన పెడితే అలాగే కనబడుతుంది. యూనివర్సిటీ నుంచి రెండు లెక్కల్లోనూ తేదీలు చూపే పత్రం ఒకటి తెప్పించుకుంటే సరిపోతుంది. గడియారం లెక్కా వేరే, వాళ్లకి రోజు మొదలయ్యేది ఉదయం ఆరింటికి. మూడు గంటలకి మాట్లాడదామంటే తొమ్మిదింటికని అర్థం. వీడియో కాల్ పెట్టుకునేటప్పుడు ఏ లెక్కో అడగండి.

ప్రయాణానికి ముందు ఒక టీకా మాత్రం మర్చిపోకూడదు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్లు ఆ టీకా సర్టిఫికెట్ చూపించాలి, వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. లేకపోతే ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా క్వారంటైన్, 6 రోజుల దాకా. ఇథియోపియా ఆ జాబితాలో ఉంది.

వచ్చాక మొదటి రెండు వారాలే అసలు కష్టం. మిగతాదంతా దాని ముందు బలాదూర్. వీసా 180 రోజులు మించితే వచ్చిన 14 రోజుల్లోగా ఎఫ్‌ఆర్‌ఆర్‌వో (విదేశీయుల నమోదు కార్యాలయం) రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లోనే, ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో పోర్టల్‌లో. దానికి ఉంటున్న చోటు రుజువు కావాలి. ఉంటున్న చోటు ఇచ్చినవాళ్లు 24 గంటల్లోగా విదేశీ అతిథి వివరాల ఫారం (2025 దాకా దీని పేరు ఫారం-సి) నింపాలి. హాస్టల్ అయితే వార్డెన్ ఆఫీసు నింపుతుంది. ప్రైవేటు ఇల్లయితే ఇంటి ఓనరే పోర్టల్‌లో లాగిన్ తీసుకుని నింపాలి. ఆ మాట వినగానే సగం మంది ఓనర్లు వెనక్కి తగ్గుతారు. ఇంకో సగం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆఫ్రికా అనగానే 'ఇల్లు ఇచ్చేశామండీ' అన్నారు. గంట క్రితం ఫోన్‌లో ఖాళీ ఉందన్నవాళ్లే. ఆమె ఆ మాటలు అర్థం కానట్టు నిలబడింది, అర్థమయ్యాయని నాకు తెలుసు. క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో ముందుగానే ఒక నెలకి గది రాయించి ఉంచితే ఈ అవమానం తప్పుతుంది, ఆ ఫారం కూడా ఆ రోజే పూర్తవుతుంది. నా మాట విని గెస్ట్‌హౌస్ లెటర్ జనవరిలోనే తీసుకోండి.

బ్యాంకు దగ్గర ఇదే చుట్టు మళ్లీ తిరుగుతుంది. ఫెలోషిప్ డబ్బు పడాలంటే అకౌంట్ కావాలి. అకౌంట్‌కి చిరునామా కావాలి. ఇంటికి అడ్వాన్స్ కావాలి, మన ఊళ్లో రెండు నెలలది మామూలే. అడ్వాన్స్‌కి డబ్బు కావాలి. దీన్ని ఛేదించే దారి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లోనే ఉంది. విదేశీ విద్యార్థికి పాస్‌పోర్ట్, వీసా, అడ్మిషన్ పత్రం మీద ఎన్‌ఆర్‌వో (ఇక్కడ స్థిరనివాసం లేనివాళ్ల) అకౌంట్ తెరవచ్చు, స్థానిక చిరునామా 30 రోజుల్లోగా ఇస్తే చాలు. ఆ 30 రోజుల్లో బయటి నుంచి 1,000 డాలర్లు మించి రాకూడదు, మొత్తం మీద 50,000 రూపాయల పరిమితి. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి ఈ సంగతి తెలియదు. బ్రాంచ్ మేనేజర్‌కి నిబంధన ప్రింట్ తీసి చూపించాం. ఆమెది అడ్మిషన్ కాదు, రీసెర్చ్ విజిట్, కాబట్టి ఆ పత్రం స్థానంలో సంస్థ బోనఫైడ్ ఇచ్చి ఒప్పించాల్సి వచ్చింది. మొదటి భత్యం పడేదాకా ఆరేడు వారాలకి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకుని రమ్మని ముందే చెప్పండి. ఇథియోపియా నుంచి డాలర్లు తెచ్చుకోవడం అంత తేలిక కాదు, ఆ ఏర్పాటుకీ సమయం పడుతుంది.

భోజనం గురించి బెంగపెట్టుకున్నాం, అది అసలు సమస్యే కాలేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. మా మెస్‌లో పప్పు, కూర ఆ రోజులకి సరిగ్గా సరిపోయాయి. పెరుగు వడ్డించబోతే వద్దనడం ఒక్కటే ల్యాబ్ పిల్లలకి వింత.

ల్యాబ్ పని మొదలయ్యాక చాలామంది గైడ్లకి తెలియని ఇంకో గేటు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం సెక్షన్ 3 ప్రకారం, భారత పౌరులు కానివాళ్లు మన జీవవనరుల మీద పరిశోధన చేయాలంటే చెన్నైలోని నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ ముందస్తు అనుమతి కావాలి. ఆమె తెచ్చిన ఇథియోపియా జొన్నకి ఇది వర్తించదు. పోల్చి చూడడానికి మన ఎం35-1 జొన్నని పక్కన పెంచుదామంటే వర్తిస్తుంది. పొలం గట్టున మొలిచిన మన స్ట్రైగా ఏషియాటికా గింజలతో మొలక పరీక్ష చేద్దామన్నా వర్తిస్తుంది. అది కలుపు మొక్క కదా, ఎవడికి కావాలి అనుకుంటాం. చట్టానికి అది జీవవనరే. కేంద్రం ఆమోదించిన సహకార పరిశోధన ప్రాజెక్టులకి సెక్షన్ 5 కింద మినహాయింపు ఉంది, మీ ప్రాజెక్ట్ అందులోకి వస్తుందో లేదో ముందే చూసుకోండి. మేం ఆ రెండు ప్రయోగాలనీ మొదటి విజిట్ నుంచి తీసేసి, అనుమతికి దరఖాస్తు పెట్టాం.

మిగిలిన పని సాఫీగానే నడిచింది. భాస్వరం తగ్గించిన ద్రావణంలో మొలకలు పెంచితే వేర్లు స్ట్రిగోలాక్టోన్లు ఎక్కువ వదులుతాయి, ఆ నీటిని వాటిని పట్టి ఉంచే సీ18 కార్ట్రిడ్జ్ గుండా పంపి ఎల్‌సీ-ఎంఎస్‌కి ఇస్తాం. ఈ పదార్థాలు తొందరగా విచ్ఛిన్నమవుతాయి కాబట్టి సేకరించిన రోజే కార్ట్రిడ్జ్‌కి ఎక్కించాలి. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా మా గ్రోత్ ఛాంబర్ ఉష్ణోగ్రత లేచిపోయి కొన్ని బ్యాచ్‌లు పారేయాల్సి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవాళ్లకి జెనరేటర్ లైన్ ఉన్న ఛాంబర్‌లోనే చోటు ఇవ్వండి.

ఈ ఫెలోషిప్ కుటుంబానికి ఏమీ ఇవ్వదు. భర్తకీ, పిల్లలకీ టికెట్ ఉండదు, భత్యం పెరగదు. ఆమెకి రెండేళ్ల పాప ఉంది, అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చింది. మనకంటే వాళ్లు రెండున్నర గంటలు వెనక, కాబట్టి పాప నిద్రపోయే వేళకి ఇక్కడ రాత్రి పదిన్నర. రోజూ ఆ సమయానికి ల్యాబ్‌లో ఆమెకి ఏ పనీ పెట్టొద్దని ల్యాబ్ పిల్లలు వాళ్లంతట వాళ్లే సర్దుకున్నారు. విజిట్లని 6 నెలల చొప్పున విడగొట్టడానికి ఈ ఒక్క కారణం చాలనిపించింది నాకు. శాండ్‌విచ్ అంటే తక్కువరకం ఫెలోషిప్ అని మన కమిటీల్లో వినబడే మాటతో నేను ఏకీభవించను.

ఏటా ప్రోగ్రెస్ రిపోర్ట్ వెళ్లాలి, గైడ్ అభిప్రాయం అందులో భాగమే. రెండో విజిట్‌కి వీసా మళ్లీ మొదటినుంచి. సంస్థ పత్రం కొత్త తేదీలతో కొత్తగా ఇవ్వాలి, పాత ఎఫ్‌ఆర్‌ఆర్‌వో రిజిస్ట్రేషన్ కాపీ జతచేయాలి. వాళ్ల యూనివర్సిటీలో రిజిస్ట్రేషన్ కొనసాగుతోందన్న పత్రం ఈసారి తాజాది కావాలి. చెన్నై అనుమతి ఇంకా రాలేదు. అది వచ్చాకే తేదీలు వేద్దామని ఫైలు నా బల్ల మీదే ఉంచాను, గెస్ట్‌హౌస్‌కి మాత్రం లెటర్ పెట్టేశాను.